పెద్దాసుపత్రిలో దిగులు ప్రబలిన వైనం

పైనుంచి వచ్చే సర్క్యులర్లను పెద్దాసుపత్రిలో ఎవరూ పూర్తిగా చదవరు. సంతకం ఎక్కడ పెట్టాలో చూసుకుని, ఓపిక ఉంటే అక్కడి నుంచి పైకి చదువుకుంటూ వెళ్తారు. ఈసారి వచ్చింది మరీ పొట్టిగా ఉండటంతో ప్రిన్సిపాల్ కమలాకరమూర్తిగారు ఏమరుపాటున మొత్తం చదివేశారు. "వైద్య విద్యార్థులలోను, జూనియర్ డాక్టర్లలోను ప్రబలుచున్న మానసిక ఒత్తిడిని తక్షణమే నిర్మూలించి, నిర్మూలించిన వెంటనే నివేదిక సమర్పించవలెను" అని ఉంది అందులో.

నివారణ అనో ఉపశమనం అనో రాసి ఉంటే ఏ యోగా మాస్టారినో పిలిపించి, నాలుగు ఫొటోలు తీయించి పైకి పంపేసేవారు. నిర్మూలన అనేసరికి ప్రిన్సిపాల్‌గారికి మశూచి గుర్తొచ్చింది. మశూచి గుర్తొచ్చేసరికి డాక్టర్ భీమశంకరంగారు గుర్తొచ్చారు.

భీమశంకరంగారు అంటువ్యాధుల ప్రొఫెసరు. జిల్లాలో ఎక్కడ వాంతులు, విరేచనాలు మొదలైనా మేనకోడలి పెళ్లికి బయల్దేరినంత సంబరంగా సంచీ భుజాన వేసుకుని బయల్దేరే మనిషి. పాపం, ఈమధ్య ఊళ్లలో మంచినీళ్ల ట్యాంకులు కాస్త శుభ్రంగా ఉంటున్నాయి. ఆయనకు చేతులు కట్టేసినట్టుగా ఉంది. మనసు జబ్బుల విభాగానికి ప్రొఫెసరే లేడు. ఉన్న ఒక్క డాక్టరు జుబేదాగారిని వికలాంగుల సర్టిఫికెట్ల క్యాంపుకు పంపించి, వెనక్కి పిలవడం మర్చిపోయారు. అందుచేత ఒత్తిడి నిర్మూలన కమిటీకి భీమశంకరంగారే అధ్యక్షులయ్యారు.

కమిటీలో జూనియర్ల తరఫున ఒకరుండాలి కనక నూకరత్నాన్ని పిలిచారు. జనరల్ మెడిసిన్‌లో పీజీ రెండో సంవత్సరం చదువుతోంది. అనకాపల్లి దగ్గర పిల్ల, మాట కరుకు, చెయ్యి చల్లన. ఏసీ గదిలో కూర్చోవచ్చని తప్ప ఆ మీటింగు మీద ఆమెకు వేరే ఆశలేమీ లేవు.

మొదట ఆమె చీఫ్ నరహరిరావుగారే అడ్డం తిరిగారు. మెడిసిన్ విభాగానికి పెద్ద ఆయన. ఆయన రౌండ్స్‌కు వస్తున్నారంటే రోగులు కూడా మంచాల మీద సర్దుకుని కూర్చుంటారు. "ఒత్తిడేమిటండీ నా మొహం. మా రోజుల్లో అలాంటిదే లేదు. డ్యూటీ ఎక్కితే ఎప్పుడు దిగుతామో మాకే తెలిసేది కాదు. ఎవడన్నా కిక్కురుమన్నాడా?" అన్నారు.

ఆ మాటకు భీమశంకరంగారి కళ్లు మెరిశాయి. "మీ రోజుల్లో లేదు. ఇప్పుడుంది. అంటే ఇది కొత్తగా తలెత్తిన వ్యాధి" అన్నారు. తరవాత నూకరత్నం వైపు తిరిగి, హాస్టల్లో ఈ మధ్య ఎవరైనా ఏడ్చారా అని అడిగారు. రెండో అంతస్తులో ముగ్గురు ఏడ్చారని, ముగ్గురివీ పక్కపక్క గదులేనని ఆమె ఉన్న మాట చెప్పింది. భీమశంకరంగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఒకే అంతస్తు, ఒకే వారం, ఒకే లక్షణం. ఇక సందేహించవలసిందేమీ లేదన్నారు. ఇది అంటువ్యాధి.

అంటువ్యాధి అని తేలాక పని చకచకా సాగింది. కారణం లేకుండా కన్నీరు కారితే అనుమానిత కేసు. దానికితోడు అన్నం సయించకపోతే సంభావ్య కేసు. అమ్మ ఫోన్ చేసినా ఎత్తకపోతే నిర్ధారిత కేసు. నిర్ధారిత కేసును తక్షణం అన్ని డ్యూటీల నుంచి తప్పించి ఐసోలేషన్ వార్డులో ఉంచాలి. ఒంటరిగా వదలకుండా ఇరవైనాలుగు గంటలూ ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి. సంబంధిత నిపుణులు రోజూ వచ్చి చూడాలి. కేసుకు దగ్గరగా మసిలిన కాంటాక్టులందరినీ వెతికి పట్టుకోవాలి. భీమశంకరంగారు కలరాకు ఏనాడో రాసిపెట్టుకున్న నియమాలే ఇవి. కలరా అన్నచోటల్లా ఒత్తిడి అని మార్చారు. విరేచనాల మాట ఒకచోట మారకుండా మిగిలిపోయింది గానీ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

నిట్టూర్పుల తుంపర్లు ఎంత దూరం పోతాయో తెలియదు కనక, తేలేదాకా కారిడార్లలో నిట్టూర్చరాదని నోటీసు కూడా అంటించారు. హాస్టలంతా బ్లీచింగ్ నీళ్లతో కడిగించారు. దిగులు లేనివాళ్ల కళ్లల్లో కూడా ఆ ఘాటుకు నీళ్లు తిరిగాయి. ఆ పూట అనుమానిత కేసులు అమాంతం పెరిగిపోయాయి.

నూకరత్నానికి ఇదంతా చూస్తే నవ్వొచ్చేదే. కానీ ఆమె బుర్రంతా హేమసుందర్ మీద ఉంది.

హేమసుందర్ ఆమె యూనిట్లోనే మొదటి సంవత్సరం పీజీ. రాజోలు అవతల లంక ఊరి కుర్రాడు. చేరిన కొత్తలో వార్డులో ముసలమ్మలకు సూది గుచ్చుతూ కబుర్లు చెబితే, సూది తీసేశాక కూడా వాళ్లు చెయ్యి వెనక్కి తీసుకునేవారు కాదు. అలాంటివాడు కొన్నాళ్లుగా మాట పడిపోయినవాడిలా తిరుగుతున్నాడు. ముప్పై ఆరు గంటల డ్యూటీ అందరికీ ఉన్నదే. వీడికి డ్యూటీ దిగాక కూడా నిద్ర పట్టడం లేదు. ఒక పేషెంటు పోతే, తప్పు వీడిది కాకపోయినా, నరహరిరావుగారు వార్డంతా వినేలా కడిగేశారు. ఆ రోజు నుంచి మెస్సులో వీడి కంచం ఎలా పెట్టింది అలాగే తిరిగి వెళ్తోంది. మొన్నటికి మొన్న, వాళ్ల నాన్న కొనిపెట్టిన స్టెతస్కోపు తీసి ఒక హౌస్ సర్జన్‌కు ఇచ్చేశాడు. ఎందుకురా అని అడిగితే, నాకిక దాంతో పనేముంది అన్నాడు.

ఆ మాటకు అర్థమేమిటో నూకరత్నానికి తెలుసు. రోజుకు వందమందిని విరేచనం అయిందా, మూత్రం మంటా అని మొహమాటం లేకుండా అడిగే నోళ్లు వాళ్లవి. పక్కనున్న వాణ్ణి అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటుంది, అది ఎవరి నోటా రాదు. ఆమె వాణ్ణి డ్యూటీ రూములో కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని అడిగేసింది. "ఒరే హేమా, చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?"

వాడు మొహం గోడకేసి తిప్పుకున్నాడు. తరవాత, "పడుకుంటే మళ్లీ లేవకపోతే బాగుణ్ణనిపిస్తోందక్కా. ఎవరితో అనాలో తెలవలేదు" అన్నాడు.

నాతో అన్నావు కదా, చాలు, ఇక నేను చూసుకుంటానంది. అన్నదేగానీ ఎలా చూసుకోవాలో ఆమెకూ తెలియదు. జుబేదాగారికి ఫోన్ చేసింది. వాణ్ణి ఒక్క క్షణం ఒంటరిగా వదలవద్దని, తను వెంటనే చూడాలని, కానీ ఆర్డరు లేకుండా క్యాంపు వదిలి రానివ్వడం లేదని ఆవిడ వాపోయారు. నరహరిరావుగారి దగ్గరకు సెలవు కోసం వెళ్లింది. వాడి డ్యూటీ ఎవరు చేస్తారు, నువ్వు చేస్తావా అన్నారాయన. చేస్తానంది. నీ డ్యూటీ ఎవరు చేస్తారన్నారు. అక్కడితో ఆ సంభాషణ ముగిసింది.

బయటికొస్తుంటే నోటీసు బోర్డు మీద భీమశంకరంగారి నియమాలు కనిపించాయి. ఎగతాళి చేయడానికని ఆగి, రెండోసారి చదివింది. అన్ని డ్యూటీల నుంచి తప్పించాలి. ఒంటరిగా వదలరాదు. సంబంధిత నిపుణులు రోజూ రావాలి. వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడు, నేనెంత అనుకుని, హేమసుందర్ చెయ్యి పట్టుకుని తిన్నగా భీమశంకరంగారి గదికి నడిపించుకెళ్లింది.

భీమశంకరంగారు వాణ్ణి తొలి సంతానాన్ని చూసినట్టు చూశారు. ఏ నీళ్లు తాగుతావు, ఈ మధ్య ఏ తిరునాళ్లకైనా వెళ్లావా, ఇంట్లో కోళ్లున్నాయా అని అడిగారు. అమ్మ ఫోన్ ఎత్తి ఎన్నాళ్లయిందని అడిగినప్పుడు వాడు తల వంచుకున్నాడు. "నిర్ధారితం. ఈ సంస్థలో మొట్టమొదటి కేసు" అని ప్రకటించి, వాడి భుజం తట్టి, దేశం నీకు రుణపడి ఉంటుంది బాబూ అన్నారు.

ఐసోలేషన్ వార్డు మూడో అంతస్తులో ఉంది. కిటికీ తీస్తే సముద్రం. ఎప్పుడో ఒక జ్వరాల ఏడాది కట్టి, ప్రారంభోత్సవం చేసి, తాళం వేసి ఉంచారు. కేసులోంచి రోగం బయటికి పోకూడదని హేమసుందర్ ఫోను తీసుకున్నారు. కాబట్టి డ్యూటీకి రమ్మని కింది వార్డుల నుంచి ఎవరూ వాణ్ణి పిలవడానికి వీల్లేదు. అంటురోగులకు ప్రత్యేక ఆహారం ఇవ్వాలి కనక గుడ్డు, పాలు, అరటిపండు, వేళకు వేడి అన్నం వచ్చాయి. సంబంధిత నిపుణుల కోసం ప్రిన్సిపాల్‌గారి సంతకంతో జీపు వెళ్లి జుబేదాగారిని క్యాంపు మధ్యలోంచి ఎక్కించుకొచ్చింది. ఆవిడ వాడి దగ్గర పొద్దుపోయేదాకా కూర్చున్నారు. మాట్లాడినంతసేపు మాట్లాడించారు, ఏడ్చినంతసేపు ఏడవనిచ్చారు, మందు మొదలుపెట్టారు. వాడు పడుకున్నాడు. లేచి అన్నం తిని మళ్లీ పడుకున్నాడు.

ఈలోగా కాంటాక్టుల వేట మొదలైంది. హేమసుందర్ వాళ్లమ్మ ఫోన్లు చేసేది కదా, ఫోన్లోంచి అంటుకుంటుందా అని కమిటీ తర్జనభర్జన పడింది. అంటుకోదని రుజువు లేదు కనక అంటుకుంటుందని తీర్మానించారు. ఆమెను అంబులెన్సులో తెప్పించి కొడుకు పక్క మంచం ఇచ్చారు. ఆవిడ మాస్కు గడ్డం కిందికి లాక్కుని, "ఇంత దిగులు కడుపులో పెట్టుకుని, ఫోన్ ఎత్తినన్నాళ్లూ నాతో బానే ఉన్నానమ్మా అన్నావేంట్రా" అని వాడి తల ఒళ్లో పెట్టుకుంది. కాంటాక్టులు కేసుల్ని ముట్టుకోరాదని నియమం. చూసినవాళ్లు చూడనట్టు ఊరుకున్నారు.

తరవాత యూనిట్లో మిగతా పీజీలను పట్టుకొచ్చారు. వాళ్లూ పడుకున్నారు. వార్డులో ఏం జరుగుతోందో హాస్టలుకు పొక్కింది. అక్కడ పడుకోనిస్తారట అన్న వార్త ముందు ఎవరూ నమ్మలేదు. నమ్మాక ఆగలేదు. హేమసుందర్ తాగిన టీ గ్లాసులో తాగానని ఒకడు, వాడి చొక్కా తొడుక్కున్నానని ఇంకొకడు భీమశంకరంగారి గది ముందు వరస కట్టారు. ఎముకల విభాగం నుంచి ఒక వస్తాదులాంటివాడు వచ్చి, సార్ నేను చిన్నప్పటి నుంచీ ఏడుపుగొట్టువాణ్ణే, రాసుకోండి అని బతిమాలాడు. వాడికి నవ్వు ఆగలేదని వెనక్కి పంపించారు. మర్నాడు ఉల్లిపాయతో వచ్చాడు.

గోడమీద గ్రాఫు రోజురోజుకీ కొండెక్కుతోంటే భీమశంకరంగారు పదేళ్లు చిన్నవారయ్యారు. కింద వార్డుల్లో మాత్రం పీజీ అన్నవాడు కనిపించడం మానేశాడు. రోగులు ఆగరు కదా. వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. గత్యంతరం లేక ప్రొఫెసర్లే డ్యూటీలు వేసుకున్నారు. ఇరవై ఏళ్లుగా వేలు చూపించడం తప్ప సూది పట్టని చేతులు రక్తం తీశాయి. క్యాజువాలిటీలో ట్రాలీ తోసేవాడు లేకపోతే నరహరిరావుగారే తోశారు. ల్యాబుకు శాంపిళ్లు మోశారు. ఒక పేషెంటు తమ్ముడు ఆయన కాలరు పట్టుకుని, పెద్ద డాక్టర్ని పిలవవయ్యా, నీతో ఏంటి అన్నాడు. నేనే పెద్ద డాక్టర్ని అని ఆయన చెబితే, మరీ మంచిదన్నట్టు ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు.

యూనిట్‌ను నడిపించడానికని నూకరత్నం ఒక్కతే కింద మిగిలింది. అంచేత నరహరిరావుగారితోపాటు ముప్పై ఆరు గంటల డ్యూటీ చేసింది. ఒకటిన్నర రోజు గడిచాక, టీ తెచ్చిద్దామని డ్యూటీ రూములోకి వెళ్తే నరహరిరావుగారు పేషెంట్లు వాడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు. ఆమె చప్పుడు చేయకుండా టీ అక్కడ పెట్టి బయటికొచ్చేసింది. నియమం ప్రకారం ఆయన అనుమానిత కేసు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

చివరికి భీమశంకరంగారు రోగమూలం కనిపెట్టారు. అంటురోగం వస్తే రోగి చుట్టూ తిరిగి లాభం లేదు, అందరూ తాగిన బావి ఏదో వెతికి దాన్ని మూయించాలి అన్నది ఆయన విద్య. ఆ విద్యలో ఆయనకు వంక పెట్టలేం. ఏ కేసు ఏ వార్డులో ఎన్ని గంటలు పనిచేసిందో లెక్కగట్టి, ఆసుపత్రి పటం మీద చుక్కలు పెట్టి కమిటీ ముందు పరిచారు. "బావి దొరికింది. ముప్పై ఆరు గంటల డ్యూటీ. దిగినవాడు దిగినట్టు జబ్బుపడ్డాడు. పైకి తీసి పడుకోబెట్టిన ప్రతివాడూ తేరుకున్నాడు. వెంటనే బావి మూయించాలి" అన్నారు.

ప్రిన్సిపాల్‌గారు గొంతు సవరించుకున్నారు. "మూయించడమంటే మాటలు కాదు ప్రొఫెసర్‌గారూ. పోస్టులు కావాలి, అనుమతులు కావాలి. బావిని అలాగే ఉంచి బ్లీచింగ్ వేయిస్తే సరిపోదా?" అన్నారు.

బ్లీచింగ్ అంటే ఏమిటో అక్కడికక్కడే తేల్చారు. డ్యూటీ అన్న మాట వినడానికి బరువుగా ఉంది కనక ఇకమీదట దాన్ని సేవావకాశం అనాలి. ప్రతివారూ ఏకబిగిన ముప్పై ఆరు గంటల సేవావకాశాన్ని వినియోగించుకోవాలి. మధ్యలో ఆహ్లాదం కోసం మైకులో వేణువు వేస్తారు. ఇక ఐసోలేషన్ వార్డు విషయం. అది తెరిచాకే కేసులు పెరిగాయి. కాబట్టి రోగానికి ఆ వార్డే కారణం కావచ్చు. సోమవారానికి దాన్ని మూసి, కేసులందరికీ నయమైందని రాసి, సేవావకాశానికి పంపించాలి. నిర్మూలన అయిపోయిందని పైకి రాయాలి. నరహరిరావుగారు ఏమంటారోనని అందరూ ఆయన వైపు చూశారు. ఆయన బల్లకేసి చూస్తూ కూర్చున్నారు. మౌనం అర్ధాంగీకారమని రాసుకున్నారు.

నూకరత్నం మీటింగు నుంచి తిన్నగా జుబేదాగారి దగ్గరకు వెళ్లింది. మిగతావాళ్లకు నిద్ర చాలింది, లేచారు. హేమసుందర్‌కు నిద్రొక్కటే చాలదు. మందు ఇప్పుడిప్పుడే పనిచేయడం మొదలుపెట్టింది, కొన్ని నెలలు ఇంటి దగ్గర ఉండాలి, వారం వారం తను చూడాలి, సోమవారం మళ్లీ ఆ వార్డులోకి తోస్తే నా పూచీ లేదని జుబేదాగారు తెగేసి చెప్పారు. ఆ మాట ఎవరికి చెప్పాలి? పైకి వెళ్లే రిపోర్టులో సున్నా ఉండాలి. వాడు ఆ సున్నాకు అడ్డం.

నూకరత్నం మళ్లీ భీమశంకరంగారి గదికే వెళ్లింది. ఆయన పటం చుట్టేస్తున్నారు, మొహంలో కళ లేదు. బావి చూపించినా మూయించలేకపోయిన మనిషి దుఃఖం అది, నిజమైన దుఃఖమే. ఆమె ఒక సందేహం అడిగింది. "సార్, టైఫాయిడ్ తగ్గిన వంటమనిషిని వెంటనే వంటింట్లోకి రానిస్తామా?"

భీమశంకరంగారి చేతుల్లో పటం ఆగిపోయింది. ఆయన కాసేపు ఆమెను తేరిపార చూశారు. వాళ్లిద్దరికీ ఏమర్థమైందో ఇద్దరూ పైకి అనలేదు. "రానివ్వం. పైకి తగ్గినట్టున్నా వాడు రోగాన్ని మోసుకు తిరిగే వాహకుడు కావచ్చు" అన్నారు. తరవాత ఎంతో నెమ్మదిగా, "అందులోనూ మొట్టమొదటి కేసు" అన్నారు.

గంట తిరగకుండా ఆయన ప్రిన్సిపాల్‌గారి ముందు నిలబడ్డారు. వాహకుణ్ణి వార్డులోకి వదిలితే రోగం మళ్లీ ప్రబలుతుంది. ప్రబలితే నిర్మూలన అన్న మాట అబద్ధమవుతుంది. పైవాళ్లు సంజాయిషీ అడుగుతారు. సంజాయిషీ అన్న మాటకు ప్రిన్సిపాల్‌గారి కలం దానంతటదే కదిలింది. హేమసుందర్‌ను వాహకుడిగా గుర్తించి, జీతంతో మూడు నెలలు ఆసుపత్రికి దూరంగా ఉంచవలెను. రోగవ్యాప్తి లేదని నిర్ధారించుటకు డాక్టర్ జుబేదా అతణ్ణి వారం వారం పరీక్షించవలెను. అందుకుగాను ఆవిడను క్యాంపు నుంచి శాశ్వతంగా వెనక్కి రప్పించడమైనది.

సోమవారం పొద్దున్న హేమసుందర్, వాళ్లమ్మ రాజోలు బస్సెక్కారు. దారి ఖర్చుకూ, దారిలో తినడానికీ నూకరత్నం సర్దింది. వాడింకా బక్కచిక్కే ఉన్నాడు. కానీ బస్సు కదలబోతుండగా కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కా, నువ్వు తిన్నావా?" అని అడిగాడు. ఇన్నాళ్లకు వాడు ఎదుటిమనిషి గురించి అడిగాడు. ఆమెకు ఏడుపొచ్చింది. బస్సు మలుపు తిరిగేదాకా ఆపుకుంది.

తిరిగొచ్చేసరికి మైకులో వేణువు మొదలైంది. డ్యూటీ రూములో నరహరిరావుగారు ఒక్కరే ఉన్నారు. కూర్చోమన్నారు. ఆయన ఎవరినైనా కూర్చోమనడం ఆమె ఇంతవరకూ వినలేదు.

"కాంటాక్టయ్యాక ఎన్నాళ్లకు బయటపడుతుందంటాడు మన భీమశంకరం?"

"వారం, పది రోజులంటారు సార్."

"ముప్పై ఏళ్లు కూడా పట్టొచ్చని రాసుకోమను" అన్నారాయన. కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. "నా రూమ్మేటు ఉండేవాడు, కోదండపాణి అని. మంచం పక్కన మంచం. వారం రోజులు అన్నం తినలేదు. నేను చూశాను. అడగలేదు. పోయాక జ్వరమని రాశారు. మర్నాడు పొద్దున్న వాడి డ్యూటీ నాకు వేశారు. చేశాను. బాగా చేశావని చీఫ్ మెచ్చుకున్నారు కూడా." ఆమె వైపు తిరిగారు. "నన్నెవరూ ట్రేస్ చేయలేదమ్మా."

నూకరత్నం లేచి, వేణువు వినపడకుండా తలుపు వేసి, ఫోన్ తీసి జుబేదాగారికి చేసింది.

"మేడమ్, ఇంకొక కాంటాక్టు దొరికారు. వార్డు మూసేశారు కదా, మీ గదికే తీసుకొస్తున్నాను."

నరహరిరావుగారు తెల్లకోటు విప్పి కుర్చీకి తగిలించి, ఆమె వెనకాలే నడిచారు.